విహారవేదిక: మామల్లపురంలో ఒక పగలు

ఈ శీర్షికను ఆదరిస్తున్న పాఠక మిత్రులకు మా బృందాన్ని మరల పరిచయం చేయనవసరం లేదు. డిజైను విభాగపు పెద్దాయన, ఖాతాల శాఖ మిత్రుడు, ప్రయోగశాల సోదరి, భద్రతా విభాగపు మిత్రుడు, వీరందరి మాటలను కాగితం మీద పెట్టే పనిని నెత్తిన వేసుకొన్న మేము, వెరసి ఐదుగురం. ఉండవల్లికి, భైరవకోనకు వెళ్ళివచ్చిన ముచ్చట్లను లోగడ ఈ పుటలలోనే విన్నవించుకొన్నాము. కొండను తొలిచిన గుడులంటే మా ఐదుగురికీ ఎందుకో ఒక మక్కువ. పొద్దస్తమానం ఇనుముతో, కాంక్రీటుతో కుస్తీపట్టేవారికి రాతి మీద గౌరవం కలగడం సహజమే కదా!

ఈసారి మామల్లపురం వెళ్ళడానికి ఒక ప్రత్యేక కారణం ఉన్నది. మా పెద్దాయన ఈ నెలాఖరున పదవీ విరమణ చేయనున్నారు. ముప్పై నాలుగేళ్ళ సర్వీసు. విభాగం వారు వీడ్కోలు సభకు ఏర్పాట్లు మొదలుపెట్టబోగా ఆయన సున్నితంగా వారించారు. శాలువాలు వద్దు, ప్రసంగాలు వద్దు అన్నారు. మేము ఇంటికి వెళ్ళి బతిమాలగా, "ఏదైనా చేయాలని అంత ముచ్చటగా ఉంటే నన్ను ఒక్కసారి మామల్లపురం తీసుకొని వెళ్ళండి. ఆఫీసు పని మీద చెన్నైకి ఎన్ని పర్యాయాలు పోయానో లెక్కలేదు. పక్కనే ఉన్న ఆ రాళ్ళను చూడడానికి మాత్రం ఒక్క పూట దొరకలేదు" అన్నారు. సభ ఎందుకు వద్దంటున్నారని మేము గుచ్చి అడగలేదు. ఆయనా చెప్పలేదు. ఆ సంగతి మామల్లపురంలో తెలిసింది.

శనివారం రాత్రి బండి ఎక్కి, ఆదివారం తెల్లవారుజామున చెన్నై సెంట్రల్‌లో దిగి, స్నానపానాదులు ముగించుకొని, ముందుగా మాట్లాడుకొన్న వ్యానులో దక్షిణంగా సాగిపోయాము. చెన్నై నగరం నుంచి మామల్లపురం సుమారు 55 కిలోమీటర్లు. తూర్పు తీరపు రహదారి మీద ఎడమ పక్కన సరుగుడు తోటల నడుమ సముద్రం అప్పుడప్పుడు తొంగిచూస్తుంది. దారిలో ఇడ్లీ, పొంగలి, ఫిల్టరు కాఫీ. ఖాతాల శాఖ మిత్రుడు తన చిన్న పుస్తకంలో ప్రతి కాఫీనీ నమోదు చేసుకొన్నాడు. భద్రతా మిత్రుడు అందరి చెప్పులూ పరిశీలించి, "నున్నటి అడుగుచెప్పులతో బండ ఎక్కితే నేను బాధ్యుణ్ణి కాను" అని కర్మాగారంలో మాదిరిగానే హెచ్చరించాడు. ప్రయోగశాల సోదరి పులిహోర డబ్బాతో పాటు ఒక భూతద్దం కూడ తెచ్చినది. ఆమె దృష్టిలో గుడికన్నా ముందు రాయి.

వ్యానులో కొంత చరిత్ర ప్రసంగం జరిగినది. తొండమండలాన్ని కంచి రాజధానిగా ఏలిన పల్లవులకు ఈ పట్టణం రేవు. మొదటి నరసింహవర్మకు మామల్లుడని బిరుదు. ఏడవ శతాబ్దంలో, క్రీ.శ. 642 ప్రాంతంలో చాళుక్యుల వాతాపిని గెలిచిన రాజు ఇతడే. ఊరికి మామల్లపురమన్న పేరు ఆ బిరుదు వలన వచ్చినదే. అతని తండ్రి మొదటి మహేంద్రవర్మ మండగపట్టు అనే చోట కొండను తొలిపించి, ఇటుక, కొయ్య, లోహం, సున్నం ఏవీ లేకుండా త్రిమూర్తులకు ఆలయం చేయించానని శాసనం వేయించుకొన్నాడు. అదే శాసనంలో తనను విచిత్రచిత్తుడని చెప్పుకొన్నాడు. మత్తవిలాసమనే సంస్కృత ప్రహసనాన్ని రచించినవాడు కూడ అతడే. మన వైపు వారికి ఇందులో ఒక సంతోషం ఉన్నది. పల్లవుల తొలినాటి ప్రాకృత శాసనాలలో ఒకటి మన పల్నాటి మంచికల్లులో దొరికినది. మహేంద్రవర్మ బిరుదులలో తెలుగు మాటలు కూడ ఉన్నాయని శాసన పరిశోధకులు గుర్తించారు.

ఎండ ముదరకముందే చూడవలెనని ముందుగా పంచరథాల వద్దకు వెళ్ళాము. ఊరికి దక్షిణపు కొసన, ఇసుక నేలలో ఐదు ఏకశిలా విమానాలు. వీటిలో నాలుగు ఒకే వరుసలో, దక్షిణం నుంచి ఉత్తరానికి వాలుగా దిగిన ఒకే బండను మలిచి తీసినవి. అందుచేత దక్షిణపు కొసన ఉన్న ధర్మరాజ రథం అన్నింటికన్నా ఎత్తు. ఆ తరువాత భీమ, అర్జున రథాలు. ఉత్తరపు కొసన ద్రౌపది రథం అన్నింటికన్నా చిన్నది. నకుల సహదేవ రథం కాస్త పక్కకు, విడిగా ఉన్నది. పక్కనే ఏనుగు, సింహం, నంది, ఇవి కూడ ఎక్కడి రాతిని అక్కడే చెక్కి నిలిపినవి.

పేర్లను బట్టి ఇవి పాండవుల రథాలనుకొంటే పొరపాటు. వీటికి చక్రాలు లేవు, పాండవులతో సంబంధమూ లేదు. ఇవి దేవాలయాలు. పేర్లు తరువాతి జనం పెట్టుకొన్నవి. ద్రౌపది రథంలో ఉన్నది దుర్గ. దాని కప్పు చూడండి, అచ్చం పూరిపాక కప్పు. భీమ రథానిది పొడుగాటి బండి గూడు ఆకారం. నకుల సహదేవ రథానిది ఏనుగు వీపు వంటి గుండ్రని వెనుకభాగం. గజపృష్ఠమని శిల్పులు దీనినే అంటారు. ధర్మరాజ రథం అంతస్తులంతస్తులుగా పైకి సన్నగిలిన విమానం. కొయ్యతో, గడ్డితో, ఇటుకతో కట్టిన గుడుల నమూనాలన్నింటినీ రాతిలో ఒకచోట చేర్చి చూపించినట్లున్నది. ఆనాటి కొయ్య గుడులు కాలగర్భంలో కలిసిపోయాయి. వాటి రూపురేఖలు మనకు మిగిలినది ఇటువంటి చోట్లనే.

పెద్దాయన మాటామంతీ లేకుండా భీమ రథం చుట్టూ రెండు సార్లు తిరిగారు. నలభై అడుగులకు పైబడిన పొడవు. పైకప్పు మీద గూళ్ళు, వంపులు ఎంతో తీరుగా ఉన్నవి. కిందికి వచ్చేసరికి పని మొరటుగా, సగంలో ఆగిపోయి ఉన్నది. పక్కనున్న ధర్మరాజ రథంలోనూ అంతే. పై అంతస్తులలో నగిషీ అంతా పూర్తయినది. కింది అంతస్తు మూలలలో హరిహరుడు, అర్ధనారీశ్వరుడు మొదలైన మూర్తులు చక్కగా తీర్చి ఉన్నారు. లోపలి భాగం మాత్రం పూర్తికాలేదు. ఏ కారణం చేతనో ఉలి ఆగిపోయినది.

"పై నుంచి కిందికి దిగారయ్యా" అన్నారు పెద్దాయన చివరకు. "మనం పునాది నుంచి పైకి కట్టుకొస్తాము. మధ్యలో ఆగిపోతే మొండి స్తంభాలు మిగులుతాయి. వీళ్ళు శిఖరంతో మొదలుపెట్టారు. నిచ్చెనలూ, పరంజాలూ అక్కరలేదు. తాము నిలబడిన రాయే పరంజా. ఎక్కడ ఆగినా ఆ పైనున్నది పూర్తి అయినట్లే."

ఆ మాటలో ఏదో బరువు ఉన్నది. భద్రతా మిత్రుడు మాట మార్చబోయాడు గాని పెద్దాయనే అందుకొన్నారు. మా వైపు తిరిగి, చిరునవ్వుతోనే, "పంచపాండవులని పేరు పెట్టడం జనానికి ఆనాటి నుంచీ అలవాటే అన్నమాట" అన్నారు.

పాఠకులలో కొందరికి ఆ మాట భావం తెలిసియుండును. తెలియనివారి కోసం చెప్పక తప్పదు. మన కర్మాగారం ఉత్తరపు ప్రహరీ పక్కన ఐదు కాంక్రీటు స్తంభాలు నిలబడి ఉన్నవి. పైన ఇనుప చువ్వలు తుప్పు పట్టి, మొదట్లో గడ్డి మొలిచి ఉంటాయి. కొలిమి నుంచి వృథాగా పోయే వేడిని పట్టి ఆవిరి తయారుచేసే యూనిట్ కోసం వేసినవి. దాని రూపకల్పన మా పెద్దాయనది. ఆరేళ్ళ పాటు ఆదివారాలు కూడ లేకుండా ఆయన దాని మీద పనిచేశారు. నిధులు వేరొక అత్యవసరానికి మళ్ళించవలసి రావడంతో పని స్తంభాల దగ్గరే ఆగినది. ఆ తరువాత మరల మొదలుకాలేదు. క్యాంటీనులో ఆ స్తంభాలకు పంచపాండవ మంటపమని పేరు వచ్చినది. ఆ పేరు పెట్టినది ఎవరో కాదు. రెండేళ్ళ క్రితం ఉగాది ప్రత్యేక సంచికలో, ఇదే శీర్షిక కింద, నవ్వుకోవడానికని వ్రాసిన ఒక పేరా ద్వారా మేమే పెట్టాము. వ్రాసిన నాడు మాకు ఎంతో చమత్కారంగా తోచినది. అచ్చయిన తరువాత ఎందరో అభినందించారు కూడ.

"ఆ సంచిక మా ఇంట్లో ఉన్నది" అన్నారు పెద్దాయన. "మా మనుమరాలు చదివి వినిపించింది. పేరు రాయకపోయినా అది తాతగారి పనే అని దానికి తెలుసు. నవ్వాలో వద్దో తెలియక నా మొహం చూసింది."

మాకు నోట మాట రాలేదు. ఆయన కోపంగా అన్నట్లయితే ఏదో ఒకటి చెప్పుకొని ఉండేవాళ్ళం. వీడ్కోలు సభను ఎందుకు వద్దన్నారో అప్పుడు తెలిసింది. సభలో ఎవరో ఒకరు తప్పక ఆ పేరెత్తుతారు, అందరూ నవ్వుతారు, ఆయన కూడ నవ్వవలసి వస్తుంది. ఏకశిలా సింహం నీడలో నిలబడి క్షమాపణ అడిగాము. "పోనీలేవయ్యా, ఇంకా చూడవలసినవి చాలా ఉన్నాయి. పదండి" అని ఆయన ముందు నడిచారు.

ఊరి నడుమ కొండ మీద, దీపస్తంభానికి దగ్గరలో మహిషాసురమర్దినీ గుహ ఉన్నది. చిన్న గుహే. లోపల ఎదురెదురు గోడల మీద రెండు ఘట్టాలు. ఒక వైపు అష్టభుజాలతో, సింహవాహన అయి, విల్లెక్కుపెట్టి దూసుకువస్తున్న దుర్గ. ఎదుట దున్న తల, మనిషి దేహం గల మహిషుడు గద పట్టుకొని వెనుకకు ఒరుగుతున్నాడు. ఓటమి ఇంకా జరగలేదు. మొదలయింది. ఆ క్షణాన్ని శిల్పి పట్టుకొన్నాడు. రెండవ గోడ మీద శేషశయనుడైన విష్ణువు. ఆయన పాదాల దిక్కున మధుకైటభులు గదలతో పైకి దూకడానికి సిద్ధంగా ఉన్నారు. ఆయన మాత్రం నిశ్చింతగా నిద్రిస్తున్నాడు. ఒక గోడ మీద అంత కదలిక, మరొక గోడ మీద అంత విశ్రాంతి. నడుమ గర్భాలయంలో ఉమాస్కంద సహితుడైన శివుడు. గుహలో నిలబడి ఇటు చూసి అటు చూస్తే మెడ నొప్పి పెడుతుంది గాని మనసు తనివి తీరదు.

అక్కడి నుంచి దిగి, అర్జున తపస్సు అని జనం పిలిచే మహాశిల్పం ముందు నిలిచాము. ముప్పై మీటర్లకు దగ్గరి పొడవు గల రాతి ముఖం, నడుమ సహజమైన చీలిక. ఒంటికాలి మీద, చేతులు పైకెత్తి తపస్సు చేస్తున్న బక్కచిక్కిన మనిషి. ఎదుట వరమిస్తున్న శివుడు. పాశుపతం కోసం తపించిన అర్జునుడని కొందరు, గంగను దింపిన భగీరథుడని కొందరు పండితులు వాదించుకొంటారు. చీలికలో నాగదంపతులు పైకి పాకివస్తున్నారు. పైన నీటి తొట్టి ఆనవాళ్ళు ఉన్నాయని, పండుగ దినాలలో ఆ చీలిక గుండా నీరు పారించి ఉంటారని చెబుతారు. అది నిజమైతే శిల్పంలోని గంగ నిజంగానే పారినదన్నమాట. కింద నిజమైన ఏనుగంత ఏనుగు, దాని కాళ్ళ సందున గున్నలు. ఏనుగు దంతం దగ్గర ఒక పిల్లి ముందరి కాళ్ళెత్తి తపస్సు నటిస్తున్నది. దాని చుట్టూ ఎలుకలు. ప్రయోగశాల సోదరి ఆ పిల్లిని చూపి, "ఇది మా తనిఖీ బృందం ఎదుట మనవాళ్ళు నిలబడే తీరు" అనేసరికి ఉదయం నుంచి బిగుసుకుపోయి ఉన్న మా అందరికీ నవ్వు వచ్చినది. పెద్దాయన అందరికన్నా ఎక్కువ నవ్వారు.

పక్కనే కృష్ణ మంటపం. గోవర్ధనమెత్తిన కృష్ణుని కన్నా ఆ నీడలో ఆవు పాలు పిదుకుతున్న గొల్లవాడే మమ్మల్ని ఎక్కువసేపు నిలిపినాడు. ఆవు తన దూడను నాకుతున్నది. పైన కొండ తేలుతున్నా ఇంటి పని ఆగలేదు. ముందున్న స్తంభాల మంటపం పల్లవుల నాటిది కాదు, విజయనగర కాలంలో చేర్చినది.

పులిహోర ముగించుకొని చెట్టు నీడలో కాసేపు కూర్చున్న తరువాత, మహాశిల్పానికి ఆనుకొని ఉన్న పంచపాండవ మంటపంలోకి వెళ్ళాము. ఆ పేరు ఫలకం మీద చదివినప్పుడు మేము తల దించుకొన్నాము. ఇది కూడ పూర్తికాని గుహయే. ముందు సింహపాద స్తంభాలు. లోపల పని ఎక్కడికక్కడ ఆగిపోయి ఉన్నది.

ప్రయోగశాల సోదరి భూతద్దం తీసినది ఇక్కడ. ఈ ఊరి గుహలను పరిశీలించినవారు చెప్పిన పద్ధతిని ఆమె మాకు వివరించినది. తొలవవలసిన రాతి ముఖం మీద ముందు చదరాలు గీస్తారు. గీత వెంబడి ఉలితో లోతుగా గాడులు తీస్తారు. నడుమ మిగిలిన చదరపు దిమ్మెలను ఒక్కొక్కటిగా కొట్టి పడగొడతారు. ఆ వెనుక మరల చదరాలు, మరల గాడులు. ఇట్లా లోపలికి జరుగుతూ పోతారు. స్తంభం రావలసిన చోట రాతిని ముట్టకుండా వదులుతారు. ముతక పనివారు లోపల తొలుస్తుండగానే నగిషీ పనివారు బయట చెక్కడం మొదలుపెట్టేవారట. అందుకనే ముందు స్తంభాలు నునుపుగాను, లోపలి గోడలు గరుకుగాను కనిపిస్తాయి.

"ఈ సంగతులన్నీ ఎట్లా తెలిశాయనుకొంటున్నారు?" అని ఆమె అడిగినది. "పూర్తయిన గుహలో ఉలి గుర్తు మిగలదు, అంతా నునుపు చేసేస్తారు. ఆగిపోయిన గుహలు లేకపోతే పల్లవుల పనివిధానం మనకు తెలిసేది కాదు. మన ఉండవల్లిలో కూడ కింది అంతస్తు అసంపూర్తిగానే ఉన్నది కదా, అక్కడ మనం ఎవరమూ ఆ దృష్టితో చూడలేదు."

ఖాతాల శాఖ మిత్రుడు ఒప్పుకోలేదు. "అమ్మా, ఆగిపోయిన పనిని పొగడడం మా శాఖకు కుదరదు. ఇది కూడ ఎవరి పంట మీదనో తీసిన పన్నుతో మొదలుపెట్టినదే. సగంలో ఆగితే ఆ ఖర్చుకు లెక్క చెప్పేదెవరు? గురువుగారు మన్నించాలి, మన స్తంభాల విషయంలోనూ నా మాట ఇదే. సొమ్ము ప్రజలది."

మేము భయపడ్డాము గాని పెద్దాయన తల ఊపారు. "నువ్వన్నది నిజం నాయనా. ఆగినందుకు పొగడమని నేను ఎవర్నీ అడగను. అది ఆగిననాడు నాకు కూడ సొమ్ము గురించే దిగులు. కాని ఇక్కడ చూడు. వీళ్ళు ఎక్కడ ఆగారో, తరువాతి దెబ్బ ఎక్కడ పడవలెనో రాతి మీద కనిపిస్తూనే ఉన్నది. పదమూడు వందల ఏళ్ళ తరువాత వచ్చిన వాడు కూడ చదవగలడు. నా పని అట్లా లేదు. రెండు వందల పైచిలుకు డ్రాయింగులు బీరువాలో కట్టలుగా ఉన్నాయి. ఏది చివరిది, ఏది దిద్దినది, ఏ లెక్క ఎందుకు మార్చామన్నది నా తలలో ఉన్నది. నెలాఖరున నేను ఇంటికి వెళితే అదీ నాతోనే వెళుతుంది. రేపు ఎవరైనా ఆ యూనిట్ మరల తలపెడితే మొదటి నుంచి మొదలుపెట్టాలి. అప్పుడు నిజంగానే సొమ్ము వృథా."

ఖాతాల శాఖ మిత్రుడు తన చిన్న పుస్తకం మూసివేశాడు. కొంతసేపటికి, "ఆ యూనిట్ ఖర్చుల ఫైలు మా రికార్డు గదిలో ఎక్కడున్నదో నాకు తెలుసు గురువుగారూ. సోమవారం తీయిస్తాను" అన్నాడు. నాటి పరీక్షల ఫలితాలు తన దగ్గర ఉన్నాయని సోదరి చెప్పినది. ఆ గుహలోనే, గచ్చు మీద కూర్చొని, మిగిలిన పని దినాలు లెక్కవేసుకొన్నాము. పద్దెనిమిది.

సాయంత్రం తీరదేవాలయానికి వెళ్ళే దారిలో శిల్పుల దుకాణాల ముందు ఆగాము. మామల్లపురంలో ఉలి చప్పుడు ఈనాటికీ ఆగలేదు. శిల్పవిద్య నేర్పే ప్రభుత్వ సంస్థ ఇక్కడ 1957లో మొదలయినది. ఇక్కడి రాతి శిల్పాలకు 2017లో భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. ఒక పందిరి కింద నలుగురు పనివారు ఒక పెద్ద నందిని చెక్కుతున్నారు. యంత్రపు రంపాలు వచ్చినవి, ధూళి మేఘంలా లేస్తున్నది. భద్రతా మిత్రుడు వారి ముక్కులకు గుడ్డలు లేకపోవడం చూసి నొచ్చుకొని, రాతి ధూళి ఊపిరితిత్తులకు చేసే హాని గురించి వచ్చీరాని తమిళంలో చెప్పబోయాడు. వారిలో పెద్దవాడు మర్యాదగా విని, తువ్వాలు ముక్కుకు చుట్టుకొన్నాడు. మేము దాటిపోగానే విప్పియుండునేమో, తెలియదు. పెద్దాయన అక్కడ నేల మీద గీసి ఉన్న ఒక సుద్ద బొమ్మను చాలాసేపు చూశారు. నంది కొలతలు ఆ బొమ్మ పక్కనే అంకెలలో వ్రాసి ఉన్నవి. ఎవరు వచ్చి ఉలి పట్టినా పని సాగుతుంది.

తీరదేవాలయం తొలిచినది కాదు, రాళ్ళు పేర్చి కట్టినది. రాజసింహుడనే రెండవ నరసింహవర్మ కాలంలో, ఎనిమిదవ శతాబ్దపు ఆరంభంలో వెలసినది. రెండు శివాలయాలు, వాటి నడుమ శయనించిన విష్ణువు. ఆ విష్ణుమూర్తి మాత్రం నేల రాతిలోనే మలిచినది. ఉప్పుగాలి శతాబ్దాలుగా ముఖాల రేఖలను కొరుకుతున్నది. కట్టడం చుట్టూ సరుగుడు చెట్లు నాటి, సముద్రం వైపు రాళ్ళు పోసి పురావస్తు శాఖ వారు కాపాడుతున్నారు. ఇక్కడి కట్టడాల సముదాయం 1984లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకు ఎక్కినది. 2004 డిసెంబరు 26న వచ్చిన సునామీ ఈ తీరాన్ని కూడ ఊపివేసినది. ఆ ఉపద్రవంలోనే అలలు ఇసుకను కొట్టుకొనిపోగా మరుగుపడిన శిల్పాలు కొన్ని బయటపడినవి. ఇక్కడికి దగ్గరలోని సాళువన్‌కుప్పంలో అట్లాగే బయటపడిన శాసనపు రాతి ఆధారంగా తవ్వకాలు జరిపితే, పల్లవుల కన్నా ముందటి ఇటుక గుడి, మురుగన్ ఆలయం, నేలలో దొరికినది. ఎంత కాలం కప్పబడి ఉన్నా పనికి ఆనవాలంటూ ఉంటే చదివేవాడు ఎప్పుడో ఒకనాడు వస్తాడని పెద్దాయన అన్నారు. సముద్రపు హోరులో ఆ మాట మాకు సగమే వినబడినది.

రాత్రి బండిలో తిరుగు ప్రయాణం. ఖాతాల శాఖ మిత్రుడు లెక్క తేల్చి, తలకు నలభై మూడు రూపాయలు వెనక్కి ఇచ్చాడు. పెద్దాయన పై బెర్తు ఎక్కకముందు మాతో, "నీ పేజీలో ఈసారి ఏమి రాస్తావు?" అని అడిగారు. జరిగినదే వ్రాస్తామన్నాము. "అయితే నా పేరు రాయకు. పని పేరు రాయి" అన్నారు.

ఆ మాట ప్రకారమే వ్రాస్తున్నాము. వృథాగా పోయే వేడిని వాడుకొనే యూనిట్ డ్రాయింగులు, లెక్కలు, పరీక్షల ఫలితాలు, ఖర్చుల వివరాలు ఇప్పుడు ఒక క్రమంలోకి వస్తున్నవి. మా ఐదుగురం ప్రతి సాయంత్రం పని వేళలు ముగిసిన తరువాత డిజైను విభాగంలో కూర్చొంటున్నాము. ఎక్కడి దాకా జరిగినది, ఎక్కడ ఆగినది, తరువాత చేయవలసినది ఏమిటి, ఈ మూడు శీర్షికల కింద పెద్దాయన చెబుతుంటే మేము వ్రాసుకొంటున్నాము. ఆ యూనిట్ మరల మొదలవుతుందని ఎవరూ మాట ఇవ్వలేదు. ఆయనా ఆ ఆశతో చేయడం లేదు. నెలాఖరు లోపల ఆ గ్రంథం మన సాంకేతిక గ్రంథాలయానికి చేరుతుంది. ఈ సంచిక మీ చేతికి అందేసరికి ఆ పని పూర్తయి ఉండవలెను.

ఇక మా సొంత లెక్క ఒకటి మిగిలియున్నది. రెండేళ్ళ క్రితం ఉగాది సంచికలో వ్రాసిన ఆ పేరాకు ఇదే పుటలో, ఇదే శీర్షిక కింద క్షమాపణ చెప్పుకొంటున్నాము. ఆ స్తంభాల చరిత్ర తెలుసుకోకుండానే వాటికి పేరు పెట్టాము. తెలిసిన వారిని ఒక్క మాట అడిగియుంటే ఆ పేరా వ్రాసేవాళ్ళం కాము. ఆ మాటను క్యాంటీనులో వాడుతున్న మిత్రులందరూ ఇక మీదట మానవలసినదిగా మా మనవి.

వెళ్ళదలచిన పాఠకులకు రెండు మాటలు. పంచరథాలను ఉదయం చల్లటి వేళనే చూడండి, ఇసుక మీద నీడ తక్కువ. తీరదేవాలయాన్ని సాయంత్రానికి ఉంచుకోండి. గట్టి అడుగుచెప్పులు, నీళ్ళ సీసా తప్పనిసరి అని భద్రతా మిత్రుడు మరీ మరీ వ్రాయమన్నాడు. కృష్ణుని వెన్నముద్ద అని పిలిచే, వాలు బండ మీద జారకుండా నిలిచిన పెద్ద గుండును పిల్లలకు తప్పక చూపించండి. అన్నింటికన్నా ముఖ్యంగా, పూర్తికాని గుహ ఎదురైతే తొందరపడి దాటిపోకండి. గోడ మీద చదరపు గాడులు వెతకండి. అవి చేయితో తడిమితే తెలుస్తాయి.